అబెర్డేర్ జాతీయ ఉద్యానవనం

అబెర్డేర్ జాతీయ ఉద్యానవనం తూర్పు ఆఫ్రికాలోని కెన్యా దేశపు మధ్యభాగంలో, అబెర్డేర్ పర్వతశ్రేణిపై విస్తరించి ఉన్న రక్షిత ప్రాంతం. దీనిని 1950లో ఏర్పాటు చేశారు. వైశాల్యం సుమారు 766 చదరపు కిలోమీటర్లు. సముద్రమట్టానికి సుమారు 1,830 మీటర్ల నుండి 4,001 మీటర్ల వరకు ఎత్తులో ఉన్న ఈ వనంలో క్రింద దట్టమైన పర్వతారణ్యం, దానిపైన వెదురు అడవి, అన్నిటికంటే పైన చెట్లు లేని విశాలమైన బయళ్ళు కనిపిస్తాయి. ఆంగ్లంలో మూర్‌లాండ్ అని పిలిచే ఈ బయళ్ళను ఈ వ్యాసంలో మూర్ భూములు అని వ్యవహరించడం జరిగింది. గడ్డిదుబ్బులు, పొట్టి పొదలు, చిత్తడి గుంటలు, చల్లని గాలులు గల ఎత్తైన మైదానాలని దీని అర్థం.

అరుదైన పర్వత బొంగో అనే జింకను పోలిన జంతువుకు, నల్ల ఖడ్గమృగానికి, ఏనుగులకు ఈ వనం ఆశ్రయం. నైరోబి నగరానికి త్రాగునీరు ప్రధానంగా ఈ కొండలనుండే లభిస్తుంది. మొత్తం పర్వతారణ్యం చుట్టూ సుమారు 400 కిలోమీటర్ల పొడవున విద్యుత్ కంచె ఉండడం ఈ ప్రాంతపు ప్రత్యేకత. అడవిని కాపాడినదీ, అదే సమయంలో దానిని ఒక దీవిగా మార్చినదీ ఈ కంచెయే.

పేరు

స్కాట్లాండ్ దేశీయుడైన అన్వేషకుడు జోసెఫ్ థామ్సన్ 1883-84లో ఈ ప్రాంతం మీదుగా ప్రయాణించి, అప్పటి రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అధ్యక్షుడైన అబెర్డేర్ ప్రభువు గౌరవార్థం ఈ పర్వతాలకు ఆ పేరు పెట్టాడు. ఆ ప్రభువు ఈ కొండలను ఎన్నడూ చూడలేదు. స్థానికులైన కికుయు ప్రజలు అంతకు ముందునుండే వీటిని న్యాండారువా అని పిలుస్తున్నారు. ఈ మాటకు ఆరవేసిన తోలు అని అర్థం చెబుతారు. దూరం నుండి చూసినప్పుడు పర్వతపు అంచు ఎండలో వేసిన తోలు మడతవలె కనిపించడమే ఇందుకు కారణమంటారు. పశ్చిమాన ఉన్న కౌంటీ పేరులో న్యాండారువా అన్న పదం నేటికీ నిలిచి ఉంది.

భౌగోళిక స్వరూపం

అబెర్డేర్ శ్రేణి భూమధ్యరేఖకు కొద్దిగా దక్షిణాన మొదలై, ఉత్తర దక్షిణ దిశలో సుమారు 160 కిలోమీటర్ల పొడవున వ్యాపించి ఉంది. పడమటి వైపున ఇది మహా పగులు లోయకు తూర్పు గట్టుగా ఉంటుంది. భూమి పొరలు విడిపోయి ఆ లోయ ఏర్పడిన కాలంలో పెల్లుబికిన లావా పొరలు పొరలుగా పేరుకొని ఈ కొండలు ఏర్పడ్డాయి. అందువల్ల ఇక్కడి నేల అగ్నిపర్వత సంబంధమైన సారవంతమైన ఎర్రమట్టి. పర్వతపు పశ్చిమ ముఖం నిట్రముగా దిగితే, తూర్పు ముఖం లోతైన లోయలతో క్రమంగా వాలుతుంది.

ఉత్తరాన ఓల్ డోన్యో లెసాటిమా (4,001 మీ), దక్షిణాన కినన్‌గోప్ (3,906 మీ) ప్రధాన శిఖరాలు. లెసాటిమా కెన్యాలో కెన్యా పర్వతం, ఎల్గాన్ పర్వతాల తరువాత చెప్పుకోదగిన ఎత్తైన శిఖరం. దాని పేరుకు మాసాయి భాషలో కోడెదూడ కొండ అని అర్థం. ఈ రెండు శిఖరాల నడుమ గుర్రపు జీనువలె 3,000 మీటర్లకు పైబడిన ఎత్తున పరచుకొని ఉన్నవే మూర్ భూములు.

తెలుగు పాఠకులు ఈ ఎత్తులను ఊహించుకోవడానికి ఒక పోలిక ఉపయోగపడవచ్చు. తూర్పు కనుమలలో అత్యున్నత శిఖరమైన జిందగడ ఎత్తు సుమారు 1,690 మీటర్లు. అబెర్డేర్ వనంలోని అతి పల్లపు ప్రదేశం కూడా అంతకంటే ఎత్తున ఉంది.

వనపు తూర్పుభాగం నుండి ఒక నాలుకవలె భూభాగం దిగువకు, న్యేరి పట్టణం వైపుకు చొచ్చుకొని వస్తుంది. దీనిని సేలియంట్ అంటారు. ఒకప్పుడు ఏనుగులు అబెర్డేర్ కొండలనుండి కెన్యా పర్వతానికి, అక్కడినుండి తిరిగి ఇక్కడికి వలస వెళ్ళే త్రోవ ఇదే. నేడు కూడా వన్యమృగాలు అధికంగా కనిపించేది ఈ భాగంలోనే.

జలపాతాలు ఈ వనానికి మరొక ఆకర్షణ. కరూరు జలపాతం మూడు అంచెలుగా మొత్తం 273 మీటర్ల ఎత్తు నుండి దూకుతుంది. అదే లోయకు ఎదురుగా గురా నది మరొక జలపాతంగా పడుతుంది. మూర్ భూముల అంచున ఒక్కసారిగా నేల తెగిపోయి, నది క్రిందనున్న అడవిలోనికి పడిపోయే ఈ దృశ్యం మబ్బులు లేని ఉదయ సమయాలలో మాత్రమే స్పష్టంగా కనిపిస్తుంది.

శీతోష్ణస్థితి

మార్చి నుండి మే వరకు దీర్ఘ వర్షాలు, అక్టోబరు నుండి డిసెంబరు వరకు స్వల్ప వర్షాలు కురుస్తాయి. హిందూ మహాసముద్రం నుండి వచ్చే తేమగాలులు ముందుగా ఆగ్నేయ వాలులను తాకుతాయి. అందువల్ల ఆ వైపున సంవత్సరానికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వరకు వర్షం పడుతుంది. కొండ చాటున ఉన్న వాయవ్య వాలులలో అది సుమారు 1,000 మిల్లీమీటర్లు మాత్రమే.

భూమధ్యరేఖకు ఇంత సమీపంలో ఉన్నందున ఇక్కడ మన వలె వేసవి, శీతాకాలాల మధ్య పెద్ద తేడా లేదు. తేడా అంతా పగటికీ రాత్రికీ మధ్యనే ఉంటుంది. మూర్ భూములలో మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది. రాత్రి ఉష్ణోగ్రత తరచు సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువకు పడిపోయి, తెల్లవారేసరికి గడ్డిపై మంచు పలక కడుతుంది. సంవత్సరంలో ఏ నెలలోనైనా ఇదే పరిస్థితి. ఈ ఎత్తులో బ్రతికే మొక్కలకు గాని జంతువులకు గాని చలికాలం వెళ్ళేదాకా ఆగుదామనే అవకాశం లేదు. ప్రతి రాత్రీ చలిని తట్టుకోవాలి.

వృక్షసంపద

క్రిందినుండి పైకి ఎక్కుతున్నకొద్దీ చల్లదనం పెరిగి, వృక్షజాతులు మారిపోతాయి. ఒకే కొండపై ఇన్ని రకాల అడవులు ఒకదానిపై ఒకటి ఉండడం విద్యార్థులు ప్రత్యేకంగా గమనించదగిన విషయం.

పర్వతారణ్యం: సుమారు 2,400 మీటర్ల వరకు వ్యాపించి ఉంటుంది. వర్షం ఎక్కువగా ఉండే ఆగ్నేయ దిశలో తూర్పు ఆఫ్రికా కర్పూర వృక్షం (ఒకోటియా ఉసంబరెన్సిస్) ప్రధానమైనది. దీని కలపకు గిరాకీ ఎక్కువ కావడం వల్ల దొంగరవాణాకు మొదట బలి అయినది ఈ చెట్టే. పొడిగా ఉండే ఉత్తర, పశ్చిమ వాలులలో ఆఫ్రికా జూనిపర్, పోడోకార్పస్ చెట్లు కనిపిస్తాయి. అడవి అంతటా అక్కడక్కడ ముగుమో అనే మర్రిజాతి చెట్టు ఉంటుంది. కికుయు ప్రజలకు ఇది పవిత్రం. మనం రావి చెట్టును భావించినట్లే వారు దానిని నరకరు, దాని పుల్లలు పొయ్యిలో పెట్టరు.

వెదురు మేఖల: సుమారు 2,400 మీటర్ల నుండి 3,000 మీటర్ల వరకు ఆఫ్రికా పర్వత వెదురు (యుషానియా అల్పైనా) గోడకట్టినట్లు పెరుగుతుంది. మనిషి దారి చేసుకొని లోపలికి పోవడం కష్టం. ఏనుగులు, అడవి దున్నలు తొక్కిన బాటలే దారులు. ఈ వెదురు కూడా మన వెదురువలెనే అనేక సంవత్సరాలకు ఒకసారి గుంపుగా పూచి, ఆ తరువాత ఎండిపోతుంది. వెదురు పై అంచున హగేనియా, హైపెరికం చెట్లు పెరుగుతాయి. వాటి కొమ్మలనుండి బూడిదరంగు గడ్డాలవలె లైకెన్లు, నాచులు వ్రేలాడుతూ ఉంటాయి. పొగమంచులోని తేమను ఇవి పట్టి చుక్కలుగా నేలకు దించుతాయి. వర్షం లేని రోజులలో కూడా ఈ అడవి నేల తడిగా ఉండడానికి ఇది ఒక కారణం.

మూర్ భూములు: 3,000 మీటర్లు దాటిన తరువాత అడవి పలుచబడి ఎరికా పొదలు, అటుపై గడ్డిదుబ్బుల బయళ్ళు మొదలవుతాయి. దుబ్బుల మధ్య పల్లాలలో నీరు నిలిచి, కుళ్ళిన మొక్కలు పొరలుగా పేరుకొని నల్లని పీట్ నేలలు ఏర్పడ్డాయి. చలివల్ల మొక్కల అవశేషాలు పూర్తిగా క్రుళ్ళవు. అవి స్పంజివలె నీటిని పీల్చి ఉంచుకొని, ఎండ రోజులలో కొంచెం కొంచెంగా వాగులకు వదులుతాయి.

ఇక్కడి మొక్కలలో అన్నిటికంటే వింతైనవి రెండు. ఒకటి చెట్టంత పెరిగే డెండ్రోసెనీషియో. ఇది మన పెరటి బంతి, చామంతుల కుటుంబానికి చెందినది. ఎండిన ఆకులను రాల్చకుండా తన కాండం చుట్టూ దుప్పటివలె ఉంచుకొని చలినుండి కాచుకుంటుంది. రెండవది మనిషి ఎత్తుకు మించిన పూలకంకిని పెంచే లోబీలియా. దీని ఆకులు గులాబీ రేకులవలె గుత్తిగా అమరి, రాత్రివేళ లోపలికి ముడుచుకొని లేత మొగ్గను కప్పుతాయి. ఆ గుత్తిలో నిలిచిన నీరు పైపొర గడ్డకట్టినా లోపలి నీరు గడ్డకట్టదు. నీరు గడ్డకట్టేటప్పుడు విడుదలయ్యే గుప్తోష్ణం మొగ్గను రక్షిస్తుంది. భౌతికశాస్త్ర పాఠంలో గుప్తోష్ణం గురించి చదువుకునే విద్యార్థులకు ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు.

జంతుజాలం

పర్వత బొంగో: ఈ వనానికి అత్యంత ముఖ్యమైన జంతువు పర్వత బొంగో (ట్రాజిలాఫస్ యూరిసెరస్ ఐజాకీ). ఇది ఎక్కువగా వెదురు పొదలలో దాగి ఉంటుంది. అయినప్పటికీ దీని పేరుకూ తెలుగులోని వెదురు బొంగుకూ సంబంధం లేదు. ముదురు గోధుమ ఎరుపు రంగు శరీరంపై నిలువుగా సన్నని తెల్లచారలు, పెద్ద చెవులు, మెలితిరిగిన కొమ్ములు దీని గుర్తులు. ఆడ, మగ రెండింటికీ కొమ్ములుంటాయి. అడవిలో పరుగెత్తేటప్పుడు కొమ్ములు తీగలకు చిక్కుకోకుండా తల పైకెత్తి వాటిని వీపుకు ఆనించుకుంటుంది. చారల వలన వెదురు నీడలలో పది అడుగుల దూరంలో ఉన్నా కనబడదు.

పర్వత బొంగో నేడు ప్రపంచంలో కెన్యా పర్వతారణ్యాలలో మాత్రమే స్వేచ్ఛగా జీవిస్తున్నది. అబెర్డేర్ కాక కెన్యా పర్వతం, మౌ, ఎబురు అడవులు దీని ఇతర ఆవాసాలు. అన్నిచోట్లా కలిపి వీటి సంఖ్య వందకు లోపే ఉంటుందని అంచనా. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీనిని తీవ్రంగా అంతరించిపోతున్న జంతువుల జాబితాలో చేర్చింది. కుక్కలతో వేటాడడం, ఉచ్చులు పన్నడం, అడవుల నరికివేత, పశువుల నుండి వ్యాపించిన వ్యాధులు దీని క్షీణతకు కారణాలు. ఒక దశలో వనంలో సింహాలు పెరిగి బొంగోలను చంపుతున్నాయని అధికారులు సింహాలను చాలావరకు తొలగించవలసి వచ్చింది. ఒక జంతువును కాపాడడానికి మరొక జంతువును తీసివేయవలసిన పరిస్థితి, సంఖ్య అంతగా పడిపోయిన తరువాతనే వస్తుంది.

ఆసక్తికరమైన విషయమేమంటే, గతంలో ఇక్కడినుండి పట్టి విదేశీ జంతు ప్రదర్శనశాలలకు పంపిన బొంగోల సంతతి అక్కడ వృద్ధి చెందింది. 2004లో అమెరికానుండి 18 బొంగోలను, 2025 ఫిబ్రవరిలో ఫ్లోరిడా నుండి మరి 17 బొంగోలను కెన్యాకు తిరిగి తీసుకొని వచ్చారు. తరతరాలుగా బోనులలో పుట్టి పెరిగిన ఈ జంతువులకు అడవి ఆహారాన్ని, స్థానిక వ్యాధులను తట్టుకోవడం నేర్పి, క్రమంగా అడవిలోనికి వదలాలన్నది ప్రణాళిక. ఇందుకోసం 2022లో కెన్యా పర్వతపు వాలులో ఒక ప్రత్యేక బొంగో ఆశ్రయాన్ని ప్రారంభించారు.

పెద్ద జంతువులు: ఏనుగులు, ఆఫ్రికా అడవి దున్నలు, చిరుతపులులు, మచ్చల దుమ్ములగొండులు సేలియంట్‌లో తరచు కనిపిస్తాయి. నల్ల ఖడ్గమృగాలు దట్టమైన పొదలలో ఉంటాయి. 1970లో కెన్యా దేశమంతటా సుమారు 20,000 వరకు ఉన్న నల్ల ఖడ్గమృగాలు, కొమ్ముల కోసం జరిగిన వేటవల్ల 1980ల చివరికి 400 లోపుకు పడిపోయాయి. ప్రపంచంలోని అడవి పందులలో అతి పెద్దదైన మహారణ్య వరాహం కూడా ఇక్కడ ఉంది. ఇంత పెద్ద జంతువైనా 1904 వరకు శాస్త్రజ్ఞులు దీనిని వర్ణించలేదు. తూర్పు ఆఫ్రికా పర్వతారణ్యాలు ఎంత దట్టమైనవో దీనినిబట్టి గ్రహించవచ్చు.

చెట్లపై నలుపు తెలుపు కోలోబస్ కోతులు పొడవైన తెల్లని కుచ్చుతోకలతో దూకుతూ కనిపిస్తాయి. ఇవి ఆకులే ప్రధానంగా తింటాయి. సైక్స్ కోతులు, ఆలివ్ బబూన్లు కూడా ఇక్కడ ఉన్నాయి.

మూర్ భూముల జంతువులు: ఈలాండ్ అనే పెద్ద జింకజాతి జంతువు ఈ బయళ్ళలో మేస్తుంది. పొడవాటి కాళ్ళు, పెద్ద చెవులు గల సర్వల్ పిల్లి గడ్డిదుబ్బులలో ఎలుకలను వేటాడుతుంది. సర్వల్ సాధారణంగా పసుపురంగుపై నల్లమచ్చలతో ఉంటుంది. అబెర్డేర్‌లో మాత్రం పూర్తిగా నల్లని సర్వల్ పిల్లులు తరచుగా కనిపించడం విశేషం. అబెర్డేర్ చుంచు (సర్డిసోరెక్స్ నోరే) ప్రపంచంలో ఈ కొండలలో తప్ప మరెక్కడా లేదు. దాని దగ్గరి బంధువైన మరొక చుంచు కెన్యా పర్వతంపై ఉంది. మధ్యనున్న వెచ్చని పల్లపు ప్రాంతాన్ని దాటలేక రెండు కొండలపై విడిపోయి రెండు జాతులుగా మారాయన్నమాట. కెన్యా పర్వత రక్తపింజరి (మోంటథెరిస్ హిండియై) కూడా ఈ రెండు కొండలకే పరిమితమైనది. జానెడుకు కొంచెం మించిన ఈ చిన్న విషసర్పం గడ్డిదుబ్బులలో తలదాచుకొని, ఎండ కాసినప్పుడే బయటకు వస్తుంది.

పక్షులు: ఇక్కడ 250కి పైగా పక్షిజాతులను గుర్తించారు. అబెర్డేర్ సిస్టికోలా అనే చిన్న గోధుమరంగు పిట్ట మధ్య కెన్యా ఎత్తైన గడ్డిభూములలో మాత్రమే ఉంటుంది. ఎర్రని కుచ్చు గల మలాకైట్ తేనెపిట్ట లోబీలియా పూలకంకులపై వాలి తేనెను త్రాగుతూ, ఒక పువ్వునుండి మరొక పువ్వుకు పుప్పొడిని చేరవేస్తుంది. జాక్సన్ కౌజు, హార్ట్‌లాబ్ టురాకో, పర్వత గద్ద ఇతర ముఖ్య పక్షులు.

వాగులలో కనిపించే ట్రౌట్ చేపలు ఇక్కడివి కావు. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఆంగ్లేయులు తమ గాలపు వినోదం కోసం వీటిని తెచ్చి వదిలారు.

నీటి వనరులు

కెన్యాలో వర్షజలాన్ని పట్టి ఉంచే ఐదు ప్రధాన పర్వతారణ్యాలలో అబెర్డేర్ ఒకటి. వీటిని ఆ దేశంలో నీటి బురుజులు అంటారు. చానియా, గురా, మథియోయా, మరాగువా, థీకా మొదలైన నదులు తూర్పు వాలులలో పుట్టి, కెన్యాలోని అతి పొడవైన నది అయిన టానాలో కలుస్తాయి. దేశపు ప్రధాన జలవిద్యుత్ కేంద్రాలు టానా నదిపై ఉన్నాయి. పడమటి వాలున పుట్టే మలేవా నది నైవాషా సరస్సును నింపుతుంది. ఉత్తరపు వాగులు ఎవాసో న్యీరో నదికి, దక్షిణపు వాగులు ఆథి నదికి చేరుతాయి. అంటే ఒకే కొండపై కురిసిన వాన నాలుగు దిక్కులకు పంపిణీ అవుతున్నది.

నైరోబి నగరానికి నీరందించే సాసుమువా, న్డకైని జలాశయాలు ఈ కొండల పాదాలవద్దనే ఉన్నాయి. మూర్ భూములలో పీట్ నేల ఎండిపోయినా, వెదురు కాలిపోయినా, దాని ఫలితం నగరంలోని కుళాయిలో కనిపిస్తుంది.

నోబెల్ శాంతి బహుమతి గ్రహీత వంగారి మాథాయ్ 1940లో ఈ కొండల తూర్పు పాదంలోని ఇహితే గ్రామంలో జన్మించింది. బాల్యంలో తమ ఇంటికి సమీపంలో ఒక ముగుమో చెట్టు, దాని ప్రక్కనే ఒక ఊట ఉండేవని, తరువాత చెట్టును కొట్టివేయగా ఊట కూడా ఎండిపోయిందని ఆమె తన ఆత్మకథలో పేర్కొన్నది. ఆమె 1977లో స్థాపించిన హరిత వలయ ఉద్యమం గ్రామీణ స్త్రీలచేత కోట్లాది మొక్కలు నాటించింది. 2004లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది.

చరిత్ర

ట్రీటాప్స్: 1932లో సేలియంట్‌లో ఒక ముగుమో చెట్టుపై, జంతువులు నీరు త్రాగే గుంట ఒడ్డున, ట్రీటాప్స్ అనే చిన్న వసతిగృహాన్ని నిర్మించారు. 1952 ఫిబ్రవరి 5వ తేదీ రాత్రి బ్రిటిష్ యువరాణి ఎలిజబెత్ ఇక్కడ బస చేసింది. ఆ రాత్రియే ఇంగ్లండులో ఆమె తండ్రి ఆరవ జార్జి మరణించాడు. ఆ విధంగా చెట్టుపైన ఉండగానే ఆమె రాణి అయినది. ఆ వార్త ఆమెకు మరునాడు న్యేరి సమీపంలోని సగానా విడిదిలో తెలిసింది.

ఆ రాత్రి ఆమెతో ఉన్నవారిలో భారతీయ పాఠకులకు సుపరిచితుడైన జిమ్ కార్బెట్ ఒకడు. కుమావూ కొండలలో నరభక్షక పులులను వేటాడి, తరువాత పులుల సంరక్షణకు కృషి చేసిన కార్బెట్ 1947లో భారతదేశం విడిచి న్యేరిలో స్థిరపడ్డాడు. ఈ అనుభవాన్ని వర్ణించిన ఆయన చివరి పుస్తకం ట్రీటాప్స్ 1955లో వెలువడింది. అదే సంవత్సరం ఏప్రిల్ 19న ఆయన న్యేరిలో మరణించాడు. ఆయన సమాధి అక్కడే ఉన్నది. ఉత్తరాఖండ్‌లోని మొదటి జాతీయ ఉద్యానవనానికి ఆయన పేరే పెట్టారు.

మౌ మౌ తిరుగుబాటు: శ్వేతజాతి వలసదారులు కికుయుల సారవంతమైన భూములను ఆక్రమించడంతో తలెత్తిన అసంతృప్తి 1952 నాటికి సాయుధ పోరాటంగా మారింది. అదే సంవత్సరం అక్టోబరు 20న ప్రభుత్వం అత్యవసర పరిస్థితిని ప్రకటించింది. వేలాది యోధులు అబెర్డేర్, కెన్యా పర్వతారణ్యాలలో తలదాచుకున్నారు. అబెర్డేర్ యోధుల నాయకుడు దెదాన్ కిమాథి. ముగుమో చెట్ల తొర్రలలో ఉత్తరాలు ఉంచి యోధులు సమాచారం అందించుకునేవారు. బ్రిటిష్ వైమానిక దళం ఈ అడవులపై బాంబులు కురిపించింది. ఆ బాంబులకు వన్యమృగాలు కూడా బలి అయ్యాయి. గ్రామాలనుండి యోధులకు ఆహారం చేరకుండా అడవి అంచువెంట ప్రభుత్వం గ్రామస్థులచేత, ముఖ్యంగా స్త్రీలచేత, బలవంతంగా లోతైన కందకం త్రవ్వించింది. 1954లో తిరుగుబాటుదారులు ట్రీటాప్స్‌ను తగులబెట్టారు. 1957లో సమీపంలోనే మరింత పెద్దదిగా తిరిగి కట్టారు.

కిమాథి 1956 అక్టోబరు 21న పట్టుబడ్డాడు. 1957 ఫిబ్రవరి 18న ఆయనను ఉరితీశారు. 1963లో కెన్యా స్వతంత్రమైనది. 2007లో నైరోబి నగరంలో కిమాథి విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. ఈ అడవి కెన్యా ప్రజలకు వన్యమృగాల నెలవుగానే కాక, స్వాతంత్ర్య పోరాట భూమిగా కూడా గౌరవనీయం.

విద్యుత్ కంచె

1980లలో అబెర్డేర్ రెండు వైపులనుండి నష్టపోయింది. లోపలికి వచ్చిన మనుషులు ఖడ్గమృగాలను వేటాడి, కర్పూర వృక్షాలను నరికి, బొగ్గు బట్టీలు పెట్టారు. బయటకు వచ్చిన ఏనుగులు పేద రైతుల మొక్కజొన్న, బంగాళాదుంప పంటలను రాత్రికి రాత్రే నాశనం చేసేవి. అడ్డువెళ్ళిన రైతులు ప్రాణాలు కోల్పోయిన సందర్భాలున్నాయి.

1988లో రైనో ఆర్క్ అనే స్వచ్ఛంద సంస్థ ఏర్పడి, 1989లో కంచె నిర్మాణం ప్రారంభించింది. ఖడ్గమృగాల రక్షణకు సేలియంట్ చుట్టూ మాత్రమే కంచె వేయాలన్నది మొదటి ఆలోచన. పంటలు దక్కిన రైతులను చూసి ఇతర గ్రామాలవారు కూడా తమవైపు కంచె కావాలని కోరడంతో అది పర్వతమంతటికీ విస్తరించింది. ఏటా నిర్వహించే రైనో చార్జ్ అనే మోటారు వాహనాల పోటీ ద్వారా, ప్రభుత్వ సహాయంతో, గ్రామస్థుల శ్రమతో నిధులు సమకూరాయి. ఇరవై సంవత్సరాల తరువాత 2009 ఆగస్టులో కంచె పూర్తయింది. జాతీయ ఉద్యానవనమే కాక చుట్టూ ఉన్న రిజర్వు అడవి కూడా దీని లోపలే ఉంది. జంతువులు మట్టి త్రవ్వి క్రిందుగా దూరకుండా తీగలవలను భూమిలోనికి కూడా పాతారు.

కందకం త్రవ్విన తరానికి వారి పిల్లల కాలంలో, అడవి అంచువెంటనే మళ్ళీ ఒక అడ్డు వచ్చింది. మొదటిది ప్రజలమీద బలవంతంగా రుద్దినది. రెండవది ప్రజలు అడిగి వేయించుకున్నది. అందుకే రెండవది నిలబడింది. కంచె వెంట నివసించేవారు రాత్రి కాపలా మాని నిద్రపోగలుగుతున్నారు. అనుమతితో ద్వారాలగుండా రిజర్వు అడవిలోనికి వెళ్ళి ఎండుకట్టెలు తెచ్చుకునే ఏర్పాటు కూడా ఉంది.

సమస్యలు

కంచె వలన కొత్త సమస్యలు కూడా వచ్చాయి. అబెర్డేర్ నుండి కెన్యా పర్వతానికి ఏనుగులు వెళ్ళే పాత త్రోవ నేడు ఊళ్ళతో, పొలాలతో నిండిపోయింది. ఏనుగులు లోపలే ఉండిపోవడంతో కొన్నిచోట్ల చెట్ల బెరడు ఒలిచి, కొమ్మలు విరిచి అడవిని పలుచన చేశాయి. ట్రీటాప్స్ చుట్టూ ఒకప్పుడున్న దట్టమైన అడవి ఈ విధంగానే నశించగా, చిన్న చిన్న కంచెలు వేసి మొక్కలను తిరిగి పెంచవలసి వచ్చింది. 2024 అక్టోబరులో మ్వేయా అభయారణ్యంలో ఏనుగులు ఎక్కువైనందున సుమారు 50 ఏనుగులను అబెర్డేర్‌కు తరలించారు. దారి మూసుకుపోయిన చోట ఏనుగులను లారీలలో ఎక్కించి దాటించవలసి వస్తున్నదన్నమాట.

బొంగో విషయంలో ఈ ఒంటరితనం మరింత ప్రమాదకరం. నాలుగు అడవులలో చిన్న చిన్న గుంపులుగా మిగిలిన జంతువులు ఒకదానితో ఒకటి కలవలేవు. దగ్గరి రక్తసంబంధం గల వాటి మధ్యనే సంతానం కలిగి, తరువాతి తరాలు బలహీనపడతాయి. అందువల్లనే విదేశాలనుండి వచ్చిన బొంగోలకు ఇంత ప్రాధాన్యం ఏర్పడింది.

కంచె ఆపలేనివి మరికొన్ని ఉన్నాయి. ఎండాకాలంలో మూర్ భూములలోని గడ్డి అంటుకుంటే గాలికి మంటలు వేగంగా వ్యాపిస్తాయి. 2022 ఫిబ్రవరిలో ఇటువంటి అగ్నిప్రమాదం సంభవించింది. పీట్ నేల ఒకసారి కాలితే తిరిగి ఏర్పడడానికి వందల సంవత్సరాలు పడుతుంది. ఉచ్చులు పన్నేవారు ఇప్పటికీ లోపలికి ప్రవేశిస్తూనే ఉన్నారు.

న్యేరి, న్యాండారువా కౌంటీలను కలుపుతూ ఇహితే నుండి న్డున్యు న్జేరు వరకు వనం మధ్యనుండి తారు రోడ్డు వేయాలన్న ప్రతిపాదన చాలాకాలంగా వివాదాస్పదమైనది. రోడ్డు వస్తే పశ్చిమ ప్రాంతపు రైతులు తమ పంటను త్వరగా అమ్ముకోగలుగుతారు. కొండను చుట్టి రావలసిన దూరం తగ్గుతుంది. అయితే ఆ రోడ్డు దట్టమైన అడవిని, వెదురు మేఖలను, మూర్ భూములను అడ్డంగా చీల్చుకొని పోతుంది. 2009లో పర్యావరణ సంస్థ దీనికి అనుమతి నిరాకరించింది. 2024 జనవరిలో అదే సంస్థ షరతులతో అనుమతి మంజూరు చేయగా, పర్యావరణవాదులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. న్యాయస్థానం పనులను నిలిపివేస్తూ ఉత్తర్వులిచ్చింది. రైతుల అవసరం, అడవి అవసరం రెండూ నిజమైనవే కావడం వల్ల ఈ వివాదం అంత తేలికగా తెగేది కాదు.

సందర్శకులకు సమాచారం

ఉద్యానవనాన్ని కెన్యా వన్యప్రాణి సేవా సంస్థ నిర్వహిస్తున్నది. నైరోబి నుండి న్యేరి సుమారు 150 కిలోమీటర్లు. వనపు ప్రధాన కార్యాలయం న్యేరికి సమీపంలోని మ్వైగాలో ఉంది. వర్షాకాలంలో లోపలి మట్టిదారులు బురదమయమై సాధారణ వాహనాలకు పనికిరావు. జనవరి, ఫిబ్రవరి నెలలు, జూన్ నుండి సెప్టెంబరు వరకు అనుకూలమైనవి. భూమధ్యరేఖ ప్రాంతమే కదా అని ఉన్ని దుస్తులు లేకుండా వెళ్ళినవారు మూర్ భూములలో ఇబ్బంది పడతారు. ఎత్తువల్ల కొందరికి తలనొప్పి, ఆయాసం కలుగవచ్చు. కనుక మొదటి రోజున నెమ్మదిగా నడవడం మంచిది. బొంగో కనిపిస్తుందన్న ఆశతో వెళ్ళేవారు నిరాశకు కూడా సిద్ధపడాలి. జీవితమంతా ఈ కొండలలో గడిపిన అటవీ సిబ్బందికి సైతం అది కనిపించడం అరుదు. బురదలో దాని గిట్టల గుర్తులు కనిపించినా అదృష్టమే.

ఇవి కూడా చూడండి

* కెన్యా పర్వతం
* మహా పగులు లోయ
* వంగారి మాథాయ్
* జిమ్ కార్బెట్
* నల్ల ఖడ్గమృగం